పెళ్లి కార్డు మీద తెలుగు అలంకార ఫాంట్ వాడటం ఎలా?

శుభలేఖ చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది వధూవరుల పేర్లే. ఆ రెండు పేర్లకీ, పైన 'శుభలేఖ' అనే మాటకీ మంచి అలంకార ఫాంట్ పడితే కార్డుకే కళ వస్తుంది. కాకపోతే తెలుగులో ఈ పని కాస్త జాగ్రత్తగా చేయాలి. మన అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు ఉంటాయి. అలంకారం ఎక్కువైతే ముందు దెబ్బతినేవి ఇవే. పేరు సరిగ్గా చదవలేనప్పుడు కార్డు ఎంత అందంగా ఉన్నా ఏం లాభం?

1. ఫాంట్ తెచ్చుకోండి

గూగుల్ ఫాంట్స్ సైట్‌లో భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే చాలా ఫాంట్లు వస్తాయి. వాటిలో రవి ప్రకాష్, రామభద్ర, లక్కిరెడ్డి వంటివి సిలికానాంధ్ర అనే అమెరికా తెలుగువాళ్ల సాంస్కృతిక సంస్థ ద్వారా అందుబాటులోకి వచ్చాయి. రవి ప్రకాష్‌ను శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వాన పత్రికల కోసమే రూపొందించారు. లక్కిరెడ్డిది చేతిరాత తీరు. అష్టదిగ్గజ కవుల్లో ఒకరి పేరు పెట్టుకున్న రామభద్ర లావుగా, గుండ్రంగా ఉంటుంది. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి ప్రింటింగ్ పనులకు కూడా డబ్బు కట్టక్కర్లేదు. ఫాంట్ ఫైలును విడిగా అమ్మడం మాత్రం కుదరదు. జిప్ ఫైలు విప్పి, లోపలి ఫాంట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే సరిపోతుంది.

డీటీపీ సెంటర్లలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పాత 'అను' అనే పేరున్న ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా చెల్లే అక్షరాల పద్ధతివి, కావు. వాట్సాప్‌లో మీరు పంపిన మేటర్‌ను నేరుగా వాటిలో పేస్ట్ చేస్తే అక్షరాలు పిచ్చిపిచ్చిగా వస్తాయి. అందుకే ఏ ఫాంట్‌లో చేస్తారో ముందే మాట్లాడుకోండి.

2. మీ పేర్లతోనే పరీక్షించండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. సైట్‌లో కనిపించే నమూనా వాక్యం చూసి ఫాంట్ ఖాయం చేసుకోవద్దు. మీ కార్డులో పడే పేర్లు, ఇంటిపేర్లు, ఊరి పేరు కొట్టి చూడండి. లక్ష్మి, జ్యోత్స్న, కృష్ణమూర్తి లాంటి పేర్లుంటే ఒత్తులు అక్షరం కింద కుదురుగా కూర్చున్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా గమనించండి.

తర్వాత చిన్న గీతల సంగతి. ద, ధ, థ ఒకే ఒంపుతో ఉంటాయి. ధకి అడుగున చిన్న గీత, థకి లోపల చుక్క ఉంటాయి, తేడా అంతే. లావు ఫాంట్‌లో ఆ గీత అక్షరంలో కలిసిపోతే మాధవి కాస్తా మాదవి అవుతుంది. ఫణి పణిగా, ఉష ఉపగా కనిపించే ప్రమాదమూ ఉంది. కంప్యూటర్ తెర మీద పెద్దగా చేసి చూస్తే ఇవేవీ బయటపడవు. కార్డు సైజులోనే ప్రింట్ తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవండి. బంగారు ఫాయిల్ వేయించాలనుకుంటే ఇంకా జాగ్రత్త, అక్షరాల్లోని సన్నని సందులు పూడిపోవచ్చు. అలాంటప్పుడు గీతల మధ్య ఖాళీ ఎక్కువున్న ఫాంటే నయం.

3. పేజీలో అమర్చండి

అలంకార ఫాంట్‌ను పేర్లకూ శీర్షికకూ పరిమితం చేయండి. ముహూర్తం, తేదీ, వేదిక, ఫోన్ నంబర్లకు మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంట్ వాడండి. కళ్లజోడు పెట్టుకుని చదివే పెద్దవాళ్లకు కావలసిన వివరాలు అవే కదా!

అక్షరాల మధ్య దూరం సున్నా దగ్గరే ఉంచండి. దాన్ని పెంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులూ గుణింతాలూ అక్షరం నుంచి విడిపోతాయి. వరుసల మధ్య దూరం మాత్రం ధారాళంగా ఇవ్వండి. అక్షరం 40 పాయింట్లయితే వరుసకు 56 నుంచి 60 దాకా పెట్టి చూడండి. లేకపోతే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడివిడిగా వస్తుంటే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి.

హరీష్‌కుమార్ అని కొడితే 'హరీష్కుమార్' అని వస్తోందా? ష్ తర్వాత కనిపించని ఒక గుర్తు పడాలి. వర్డ్‌లో అయితే అక్కడ 200C అని కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. పొల్లు పొల్లుగానే నిలబడుతుంది.

4. ప్రెస్‌కు ఇచ్చే ముందు

ప్రెస్ వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అయితే అక్షరాలను ఎంచుకుని కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే చాలు. కర్వ్స్ చేశాక టైపు చేసి తప్పులు దిద్దడం కుదరదు కాబట్టి, అంతకంటే ముందే ప్రూఫ్‌ను ఇరువైపుల పెద్దలకూ చూపించండి. మామూలు ఫైలు ఒకటి విడిగా దాచుకోండి. మండపం ముందు పెట్టే ఫ్లెక్సీకీ అవే పేర్లు, అదే ఫాంట్ కావాలి.