ఎండ దారిలో చల్లటి నీళ్లకి పాత సాక్సు చాలు

టర్కీలో సముద్రం పక్కనే కొండలెక్కుతూ దిగుతూ సాగే లిషియన్ వే అనే నడకదారి మొత్తం 500 కిలోమీటర్ల పైమాటే. మేం మే నెలలో నడిచింది ఐదు రోజులే. పొద్దున పదకొండయ్యేసరికి బాటిల్లో నీళ్లు స్నానానికి కాచినట్టు అయిపోయేవి. తాగబుద్ధి కాదు, తాగకపోతే అడుగు పడదు.

కబక్ బీచ్ నుంచి అలింజా ఊరికి ఎక్కేటప్పుడు ఇలా చేశాం. లీటరు ప్లాస్టిక్ బాటిల్‌కి పాత కాటన్ సాక్సు ఒకటి మెడ దాకా తొడిగి, రెండు దోసిళ్ల నీళ్లతో తడిపి, బ్యాగు లోపల కాకుండా బయట గాలి తగిలేలా నీడ వైపు కట్టాలి. నైలాన్ సాక్సు నీళ్లు పట్టదు, దండగ. అరగంటకి మన మట్టికుండ నీళ్లలా గొంతు దిగుతాయి. సాక్సు ఆరగానే మళ్లీ తడపాలి.

తడపడానికి తాగే నీళ్లు వాడక్కర్లేదు. ఆ దారిలో అక్కడక్కడా రాతి గుమ్మటంతో పాతకాలం నీళ్ల తొట్లుంటాయి, వాటిలోవి చాలు. అవి వడకట్టి శుద్ధి చేయకుండా తాగేవి కావు కాబట్టి బాటిల్ మూతికి మాత్రం తగలనివ్వకండి. మా సాక్సు ఆరాక పాచి వాసన కొట్టింది, అది వేరే సంగతి.

గాలాడకుండా ఉక్కపోసే చోట ఇది పనిచేయదు. కింద బీచ్ దగ్గర గంటసేపు కట్టినా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. ఫ్లాస్కులాంటి స్టీలు బాటిల్‌కి తొడిగినా ఉపయోగం లేదు.