న్యూయార్క్ సైడ్‌వాక్ మీద పడి దెబ్బ తగిలితే పరిహారం ఎలా అడగాలి?

పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో సాయంత్రం నడకకు వెళ్లి, పైకి లేచిన సైడ్‌వాక్ (ఫుట్‌పాత్) పలక కాలికి తగిలి పడిపోయింది. మన నోట మొదట వచ్చే మాట "చూసుకుని నడవొద్దా?" తర్వాతది "కోర్టు గొడవలు మనకెందుకులే." ఈలోపు రోజులు గడిచిపోతాయి. న్యూయార్క్ సిటీని పరిహారం అడగాలంటే పడిన రోజు నుంచి 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లూ అడగొచ్చు.

1. ఆధారాలు భద్రపరచండి

అమ్మను ఆస్పత్రిలో చేర్చాక ఒకరు వెనక్కి వెళ్లి, పలక పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. ఎదురుగా ఉన్న ఇంటి నంబరూ ఫొటోలో పడాలి. సిటీ నియమాల ప్రకారం పలకల మధ్య అర అంగుళం ఎత్తు తేడా ఉన్నా అది లోపమే. ఆ రోజు వేసుకున్న చెప్పులు కడగకుండా దాచండి. డాక్టరు అడిగితే "కళ్లు తిరిగాయేమో" అని ఊహించి చెప్పకండి, అదే రికార్డులోకి ఎక్కుతుంది.

2. ఆ పలక బాధ్యత ఎవరిదో తేల్చుకోండి

చాలామంది పొరబడేది ఇక్కడే. 2003 సెప్టెంబర్ 14 నుంచి షాపులు, అపార్ట్‌మెంట్ల ముందున్న సైడ్‌వాక్ బాధ్యత ఆ భవనం యజమానిదే. అతని మీద కేసు వేయడానికి 3 ఏళ్ల గడువుంది. మూడు కుటుంబాల వరకు ఉండే ఇల్లయి, యజమాని కూడా అందులోనే ఉంటూ, దాన్ని నివాసానికే వాడుతుంటే బాధ్యత సిటీది. చెట్టు చుట్టూ వదిలిన గుంట కూడా సిటీదే. సబ్‌వే (మెట్రో రైలు) మెట్లయితే ఆ రైళ్లు నడిపే ట్రాన్సిట్ అథారిటీది, దానికి నోటీసు విడిగా ఇవ్వాలి. అనుమానం ఉంటే అందరికీ నోటీసు పంపండి.

3. నోటీసు ఇవ్వండి

సిటీకి ఇచ్చే నోటీస్ ఆఫ్ క్లెయిమ్ (పరిహారం కోరే నోటీసు) సిటీ లెక్కలు చూసే కంప్ట్రోలర్ ఆఫీసుకు వెళ్లాలి. ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. "క్వీన్స్ బులవార్డ్ మీద" అంటే చాలదు; ఏ నంబరు ముందు, మూల నుంచి ఎన్ని అడుగుల దూరంలో అన్నదీ రాయాలి. సిటీకి ఫిర్యాదులు చెప్పే నంబరు 311కి ఫోన్ చేసి చెప్పినంత మాత్రాన క్లెయిమ్ వేసినట్టు కాదు.

4. లాయరుతో మాట్లాడండి

ఆ లోపం గురించి కనీసం 15 రోజుల ముందే సిటీకి ఎవరో ఒకరు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. లేదంటే, కొన్ని మినహాయింపులు తప్ప, కేసు నిలవదు. దీనికి విరుగుడుగా 1982లో లాయర్లే ఒక సంస్థ పెట్టి, వీధివీధీ తిరిగించి, గుంతలన్నీ మ్యాపుల్లో గుర్తించి సిటీకి అందజేయించారు! మీ లాయరు కూడా ఇలాంటి పాత రికార్డులే వెతుకుతారు. సాధారణంగా ముందు ఫీజు ఉండదు. గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు తీసుకుంటారు. అమ్మ తప్పు కొంత ఉన్నా పరిహారం ఆ మేరకు తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు.

5. తిరుగు టికెట్ సంగతి ముందే చెప్పండి

సిటీ తరఫు లాయరు అమ్మతో ప్రమాణం చేయించి ప్రశ్నలు అడగొచ్చు, కాబట్టి ఆమె తిరుగు ప్రయాణం ఎప్పుడో మీ లాయరుకు ముందే చెప్పండి. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. సిటీ మీద దావా వేయడానికి ఆఖరి గడువు, పడిన రోజు నుంచి 1 ఏడాది 90 రోజులు.

పడింది నది అవతల, న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలోనైతే లెక్క వేరు. నోటీసుకు అక్కడా 90 రోజులే. కానీ అక్కడి సిటీ నుంచి నొప్పికీ బాధకూ పరిహారం రావాలంటే గాయం శాశ్వతమైనదై ఉండాలి, వైద్యం ఖర్చు 3,600 డాలర్లు దాటాలి.