దిజోన్ డ్యూకుల ప్యాలెస్‌కి వెళ్తున్నారా? మంగళవారం మాత్రం వద్దు

చెన్నై నుంచి ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఈఫిల్ టవర్ దగ్గర ఫోటో దిగి, వెర్సాయ్ క్యూలో నిలబడి కాళ్లు పీకి వచ్చేస్తారు. ఒక్క రోజు మిగిలినా దిజోన్ వెళ్లండి. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే గంటన్నర, కాస్త అటూఇటూ. దిగాక నడిచే దూరమే.

ఒకప్పుడు బుర్గుండీ డ్యూకులు ఏలిన ఈ ప్యాలెస్‌లో ఇప్పుడు నడిచేది మేయర్ ఆఫీసు. మన చెన్నై కార్పొరేషన్ ఆఫీసుండే రిప్పన్ బిల్డింగ్ అనుకోండి, కాకపోతే అందులోనే ఒక పక్క మ్యూజియం, మధ్యలో పాత టవర్ ఉన్నాయి. మూడింటికీ వేర్వేరు రూల్స్, అది తెలియకపోతే టికెట్ కౌంటర్ కోసం గిరగిరా తిరుగుతారు.

ముందున్న అర్ధచంద్రాకారపు మైదానం దాటి గేట్లోంచి వెళ్తే వచ్చే పెద్ద ముంగిలి మేయర్ ఆఫీసుది. ఫ్రాన్స్‌లో పెళ్లి చర్చిలో ఎంత ఘనంగా చేసుకున్నా చట్టం దృష్టిలో పెళ్లంటే మేయర్ ఆఫీసులో జరిగిందే, కాబట్టి శనివారం వెళ్తే పెళ్లివారు ఎదురుపడినా ఆశ్చర్యం లేదు.

టవర్‌కి మాత్రం ముందే టూరిస్ట్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసుకోండి, గైడ్ లేకుండా పంపరు. ఎత్తు 46 మీటర్లు, మెట్లు 316, లిఫ్ట్ లేదు. అలిపిరి ఎక్కినవాళ్లకి ఇదో లెక్క కాదు గానీ ఇవి ఇరుకైన మెలికల మెట్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కిందే కూర్చోబెట్టండి.

మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. మంగళవారం సెలవు. "మంగళవారం పూట ప్రయాణమేంట్రా" అని అమ్మ ఫోన్‌లో అంటే నవ్వేసి, వెళ్లి మూసిన తలుపు చూసి వచ్చినవాణ్ణి నేను. మర్నాడు మళ్లీ వెళ్లాను, మంచిపనే అయింది.

లోపల టైం తక్కువుంటే పెయింటింగులు వదిలేసి నేరుగా డ్యూకుల సమాధుల గదికి వెళ్లండి. 1404లో పోయిన ఫిలిప్ ద బోల్డ్ సమాధి పైన ఆయన విగ్రహం, రంగులూ బంగారమూ అన్నీ ఉన్నాయి గానీ అసలు పనితనం కిందుంది. చుట్టూ చిన్న తోరణాల్లో పాలరాయిలాంటి తెల్లటి అలబాస్టర్‌లో చెక్కిన సంతాప యాత్ర, ఒక్కో బొమ్మా మూరెడు లోపే. గొంతుక్కూర్చుని చూడండి. వాళ్లలో ముసుగు పూర్తిగా ముందుకి లాక్కున్నవాళ్లున్నారు. ముఖమే కనపడదు, ఆ బట్ట మడతలు చూస్తేనే ఏడుస్తున్నారని తెలిసిపోతుంది.

డ్యూకుల వంటశాల కూడా వదలొద్దు. 1430ల నాటిది, గోడల నిండా పొయ్యిలు, పొగంతా పైకప్పు నడిమధ్య కన్నంలోంచి పోయేది. కల్యాణమండపం వంటవాళ్లు చూస్తే మెచ్చుకుంటారు.

వచ్చేటప్పుడు ఆ ఊరి ఆవముద్ద సీసా కొంటారు ఎలాగూ. దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ వాళ్లు తీసేసుకుంటారు.