తక్కువ అప్పుతో డిగ్రీ – 3వ పాఠం: ఏ ఏడాది అప్పు ఎంత బరువు?

నాలుగేళ్ల చదువుకు అయ్యే ఖర్చును ఫీజులు, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలు అనే పద్దుల కింద గత పాఠంలో రాసుకున్నాం. చేతిలో ఉన్న సొమ్ము పోగా ఎంత అప్పు కావాలో కూడా అప్పుడే తేలింది. ఆ అప్పును ఏ ఏడాదిలో ఎంత తీసుకోవాలో ఇప్పుడు తేల్చుకుందాం.

ఒక లెక్క వేద్దాం. ఏడాదికి 10 శాతం వడ్డీ. చదువు సాగినంత కాలం బారువడ్డీ. చదువు ముగిసిన రోజున ఆ వడ్డీ అసలులో కలుస్తుంది. అక్కడి నుంచి పదేళ్లపాటు నెలవారీ వాయిదాలు. మొదటి ఏడాది ఆరంభంలో తీసుకున్న ప్రతి 100కు నాలుగేళ్లలో 40 వడ్డీ పేరుకుంటుంది కాబట్టి, పట్టా చేతికి వచ్చేసరికి బాకీ 140 అవుతుంది. దానిని 120 వాయిదాల్లో, నెలకు 1.85 చొప్పున తీర్చేసరికి మొత్తం 222 కట్టి ఉంటారు. అదే 100ను నాలుగో ఏడాది ఆరంభంలో తీసుకుంటే బాకీ 110 దగ్గర ఆగుతుంది, మొత్తం చెల్లింపు 174తో సరిపోతుంది. అసలు కంటే వడ్డీ ముద్దనే మాట అప్పు ఇచ్చినవారికే చెల్లుతుంది.

అందువల్ల సొంత పొదుపును మొదటి రెండేళ్లలో వాడుకుని, ఆపదకు అక్కరకు వచ్చేంత మాత్రం పక్కన ఉంచి, అప్పును వీలైనంత వెనక్కి నెట్టాలి. రుణం మొత్తానికీ ఆరంభంలోనే మంజూరు తీసుకున్నా, ఏ సెమిస్టరుకు కావలసింది ఆ సెమిస్టరులోనే విడుదల చేయించుకోవచ్చునేమో అడగండి. అలా వీలైతే విడుదలైన మేరకే వడ్డీ పడుతుంది. చదువుకాలానికి వడ్డీ పడని రుణం దొరికినవారికి మాత్రం ఈ క్రమం వర్తించదు. వారు ముందుగా ఆ రుణాన్నే వాడుకుని, పొదుపును దాచుకోవడం మేలు.

చాలామంది సరిగ్గా దీనికి విరుద్ధంగా నడుస్తారు: కొత్త ఉత్సాహంలో మొదటి ఏడాది ధారాళంగా ఖర్చుపెట్టి, చివరి ఏడాది చెయ్యి బిగిస్తారు. పుస్తకాలనే చూడండి. తరగతులు మొదలుకాకముందే జాబితాలో ఉన్నవన్నీ కొనేయకుండా మొదటి వారం ఆగి, ఏ పుస్తకంలో ఏ అధ్యాయాలు నిజంగా చెబుతారో సీనియర్లను అడగాలి. పాత ముద్రణ దొరికితే దాని విషయసూచికను కొత్తదానితో పోల్చి చూడాలి. అధ్యాయాలు అవే ఉండి, అభ్యాసాల వరుస సంఖ్యలు మాత్రమే మారి ఉంటే పాతదానితోనే చదువుకోవచ్చు, మారిన సంఖ్యలను లైబ్రరీ ప్రతి చూసి పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటే చాలు. వసతి విషయంలో చెప్పవలసింది తక్కువే: గది పంచుకోవడాన్ని మించిన పొదుపు మరొకటి లేదు.

చిన్నపాటి సంపాదన ఉన్నవారు చదువుతుండగానే వడ్డీ కట్టేయవచ్చు. పై లెక్కలో మొదటి 100పై పడే వడ్డీ నెలకు 0.83 మాత్రమే. అది ఎప్పటికప్పుడు తీరిపోతే అసలు 100 దగ్గరే నిలిచి, అంతా కలిపి చెల్లించేది 199కి మించదు. అయితే ఆ సంపాదన కోసం పరీక్ష తప్పే పరిస్థితి తెచ్చుకోకూడదు. ఒక సెమిస్టరు అదనంగా చదవవలసి వస్తే ఫీజు, ఆరు నెలల వడ్డీ, అందవలసిన ఆరు నెలల జీతపు నష్టం మూడూ ఒకేసారి మీద పడతాయి.

అభ్యాసం: మీ కాగితంపై నాలుగు గడులు గీసి, ఏ ఏడాదికి ఎంత అప్పు అవసరమో రాయండి. వాటిని వరుసగా 2.22, 2.06, 1.90, 1.74తో గుణించి కూడండి. మీ రుణపత్రంలోని వడ్డీ రేటు వేరైతే ఈ గుణకాలూ మారతాయి. తరువాత మొదటి గడిలోంచి వాయిదా వేయదగిన ఒక్క ఖర్చును నాలుగో గడికి మార్చి మళ్లీ లెక్కించండి. వచ్చే పాఠంలో స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువులను ఈ గడుల పక్కనే రాయబోతున్నాం కాబట్టి కాగితంపై కొంత చోటు వదిలిపెట్టండి.