ఇంట్లోవాళ్ల మీద కోపం వచ్చినప్పుడు విశ్వాసి ఏం చేయాలి?

ఆదివారం ఉదయం ఆరాధనకు టైమ్ అయిపోతోంది. మా పాప ఒక చెప్పు కనబడక మంచం కింద దూరి వెతుకుతోంది. గట్టిగా అరిచేశాను. అరగంట తర్వాత మందిరంలో నేను చేతులెత్తి పాడుతుంటే, పక్కనే ఉన్న పాప నా ముఖం చూడలేదు. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది.

ముందు నోరు ఆపండి. వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికీ కోపించడానికీ నిదానించాలి అంటాడు యాకోబు తన పత్రికలో (1:19). అక్కణ్ణుంచి లేచి కాసిన్ని మంచినీళ్లు తాగండి. వెళ్లేటప్పుడు "పది నిమిషాలాగి మాట్లాడతాను" అని చెప్పి మరీ వెళ్లండి. చెప్పకుండా వెళ్తే అలిగారనుకుంటారు, గొడవ ఇంకా పెరుగుతుంది. ఆ కాసేపూ ఫోన్ ముట్టుకోవద్దు.

రెండోది కష్టమైన పని. "నీకు కోపమేల?" అని దేవుడు కయీనును అడిగాడు (ఆదికాండము 4:6). కయీను జవాబిచ్చినట్టు బైబిల్లో లేదు. తర్వాత పొలంలో తమ్ముణ్ణి చంపాడు. మీరు మాత్రం ఆ ప్రశ్నకు ప్రార్థనలో ఉన్నదున్నట్టు జవాబు చెప్పండి. ఆ రోజు నా జవాబు ఇది: "ప్రభువా, ఆలస్యంగా వెళ్తే అందరూ వెనక్కి తిరిగి చూస్తారని భయపడ్డాను." చెప్పు పోయినందుకు కాదు, నా పరువు పోతుందని అరిచాను.

అలాగని కోపమంతా పాపం కాదు. విశ్రాంతి దినాన ఎండిపోయిన చెయ్యి గల మనిషిని స్వస్థపరిస్తే తప్పుపట్టాలని కాచుకున్నవాళ్లను యేసు కోపంగా చూశాడు, వాళ్ల కఠిన హృదయానికి దుఃఖపడ్డాడు, ఆ మనిషిని బాగుచేశాడు (మార్కు 3:5). మీ కోపం ఎవరి కోసమో చూసుకోండి.

ఇక ఆ పూటే తేల్చుకోండి. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని పౌలు రాశాడు (ఎఫెసీయులకు 4:26). యూదుల లెక్కలో సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలవుతుంది. పిల్లలైనా సరే, వెళ్లి క్షమాపణ అడగండి. "నువ్వలా చేయకపోతే నేను అరిచేదాన్నా?" అని మాత్రం చివర తగిలించకండి. ఆ సాయంత్రం పాపతో "అరవడం అమ్మ తప్పు, క్షమించు నాన్నా" అన్నాను. "చెప్పు నిజంగానే కనబడలేదమ్మా" అంది. పొద్దున నేను వినకుండా పోయిన మాట అదే. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకునే ఆదివారానికి ముందైతే ఈ పని అసలు వాయిదా వేయొద్దు. కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:23, 24).

ఇంట్లో చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం సంగతి వేరు. దెబ్బలు తింటున్న ఆమెకు ఈ వాక్యాలు చూపించి సర్దుకుపొమ్మనడం అన్యాయం. ఆమె ముందు క్షేమంగా ఉండాలి. నమ్మకమైన పెద్దలకు చెప్పాలి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. కొట్టేవాళ్లు క్షమాపణతో సరిపెట్టుకోకుండా కౌన్సెలింగ్‌కు వెళ్లాలి.

మా ఇంట్లో ఇప్పుడు శనివారం రాత్రే చెప్పులు వెతికి గుమ్మం దగ్గర పెట్టుకుంటున్నాం.