ఐసీయూలో అమ్మానాన్నలు అయోమయంలో పడితే ఏం చేయాలి?

ఆపరేషన్ అయిన రెండో రోజో మూడో రోజో నాన్న "గోడ మీద పురుగులు పాకుతున్నాయిరా, నన్నిక్కడ కట్టేశారు" అంటే మతి పోయిందని హడలిపోకండి. దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ లేదా సోడియం తగ్గడం, నొప్పి, నిద్రలేమి, మత్తుమందులు: తరచూ వీటిలో రెండు మూడు కలిసే తెచ్చిపెడతాయి. పొద్దున బాగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి మారిపోతారు. మతిమరుపు జబ్బు ఇలా గంటల్లో రాదు.

1. ముందు డాక్టరుకు అన్నీ చెప్పండి. ఇంట్లో వేసుకునే మాత్రల చీటీ ఇవ్వండి, నిద్రమాత్రలుంటే మరీ ముఖ్యం. తాగుడు అలవాటును పరువు కోసం దాచొద్దు. తాగుడు ఆగిన రెండు మూడు రోజులకు వచ్చే వణుకు, భ్రమలు ప్రాణం మీదికి తెస్తాయి. దాని చికిత్సే వేరు.

2. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, దానికి కొత్త బ్యాటరీలు పేరు రాసిన డబ్బాలో పెట్టి సిస్టర్‌కు ఇవ్వండి. సగం మాటలే వినపడితే మిగతా సగం ఊహించుకుంటారు. అనుమానాలు అక్కడే మొదలవుతాయి.

3. విజిటింగ్ టైమ్‌లో రోజూ ఒకరిద్దరే వెళ్లండి. వచ్చిన చుట్టమల్లా "నన్ను గుర్తుపట్టావా?" అని పరీక్ష పెడతారు, అది ఆపండి. ముఖం కనబడేలా నిలబడి మీరే చెప్పండి: "నాన్నా, నేను పెద్దాణ్ని. ఇది ఆసుపత్రి. ఆపరేషన్ అయింది. ఇవాళ బుధవారం, పొద్దున పదకొండైంది." ఒక్కో మాట చెప్పి కాస్త ఆగండి. రేపూ ఇదే చెప్పాలి. పురుగుల గురించి వాదించొద్దు, ఉన్నాయని తలూపనూ వద్దు. "నాకు కనబడటం లేదు, కానీ నీకు భయంగా ఉంది కదా, నేనిక్కడే ఉన్నా" అంటే చాలు. గొంతులో గొట్టం ఉంటే అవును, కాదు అని తేలే ప్రశ్నలే అడగండి: నొప్పా? దాహమా? మూత్రం బిగబట్టినట్టుందా? అవునంటే చెయ్యి నొక్కమనండి.

4. చేతులు కదలకుండా కట్టేస్తే మీరు విప్పేయొద్దు, గొట్టాలు పీకేసుకుంటారు. ఎప్పుడు తీస్తారని అడగండి. పగలు వెలుతురు, రాత్రి మసక దీపం, వీలైతే కూర్చోబెట్టి ఫిజియోథెరపీ చేయించడం గురించీ అడగవచ్చు.

గోల చేసేవాళ్ల మీద అందరి చూపూ ఉంటుంది. అసలు ఎవరి దృష్టికీ రానిది ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడి ఉన్నవాళ్లు. "ప్రశాంతంగా ఉన్నారు" అని ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు. అమ్మ పలకరిస్తే చూసి వెంటనే కళ్లు మూసేస్తుంటే, మాట మధ్యలో జారిపోతుంటే డెలీరియం పరీక్ష చేయమనండి. పది ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ 'ఎ' వినగానే చెయ్యి నొక్కమంటారు. ఏకాగ్రత నిలుస్తోందో లేదో అందులోనే చాలావరకు తెలుస్తుంది.

ఆసుపత్రిలో ఏ రోజు ఏం జరిగిందో రోజుకు రెండు వాక్యాలు తేదీతో రాసిపెట్టండి. ఇంటికొచ్చాక ఏది నిజంగా జరిగిందో, ఏది భ్రమో తెలియక సతమతమయ్యేవాళ్లకు అవి చదివి వినిపించవచ్చు. మరుపు, పీడకలలు కొందరికి నెలల తరబడి ఉంటాయి. కానీ హఠాత్తుగా మళ్లీ తికమకపడినా, జ్వరమో మగతో వచ్చినా చెకప్ తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.