కట్టిన గోడకు కొత్త కిటికీ పెట్టడం ఎలా?

ఇటుక గోడకు కిటికీ పెట్టాలనుకోగానే చాలామంది ముందు కన్నం కొట్టించి, ఆ తర్వాత లింటెల్ (కన్నం మీదుగా పడి పై గోడను మోసే అడ్డ దిమ్మ) సంగతి చూస్తారు. లింటెల్ ముందు గోడలోకి వెళ్లాలి, దాని కింద కన్నం తర్వాత పడాలి. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన కిటికీ పెట్టినా దాని మూలల నుంచి పగుళ్లు మొదలవుతాయి.

మొదట ఆ గోడ ఏం మోస్తోందో తేల్చుకోండి. పిల్లర్లు, బీములతో కట్టిన ఇంట్లో బయటి గోడ చాలావరకు తన బరువే మోస్తుంది. పిల్లర్లు లేని ఇంట్లో స్లాబు భారమంతా గోడల మీదే ఉంటుంది. గోడను తట్టి చూసి తేల్చే విషయం కాదిది. స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. స్థానిక అనుమతులు కూడా పని మొదలుపెట్టే లోపే తీసుకోండి.

గోడ మూలకు కనీసం రెండడుగులు వదలండి. కిటికీ పైఅంచు తలుపుల లింటెల్ మట్టంతో, అంటే సుమారు ఏడడుగుల ఎత్తులో కలిస్తే చూడటానికి బాగుంటుంది. స్విచ్‌బోర్డు ఉంటే దాని నుంచి నిట్టనిలువుగా వైర్లు వెళ్తుంటాయి కాబట్టి ఆ వరుసను తప్పించండి. ఫ్రేము కొలతకు చుట్టూ ఒక సెంటీమీటరు కలిపి లోపలి గోడ మీద గీత గీసి, నాలుగు మూలల్లో పొడవైన డ్రిల్లు బిట్‌తో అవతలికి రంధ్రాలు వేయండి. బయటికెళ్లి చూస్తే కిటికీ ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. అక్కడ నీటి గొట్టమేదైనా ఉంటే ఇప్పుడే బయటపడుతుంది.

ఇక లింటెల్. అది కన్నానికి రెండు వైపులా కనీసం 150 మిల్లీమీటర్లు గోడ మీద ఆనాలి. కన్నం వెడల్పు నాలుగడుగులైతే లింటెల్ ఐదడుగులు ఉండాలి. తొమ్మిదంగుళాల గోడకు నాలుగున్నర అంగుళాల మందంతో రెండు లింటెళ్లు విడిగా పోసి, కనీసం రెండు వారాలు తడుపుతూ ఉంచండి. ఇనుప కడ్డీలు అడుగున ఉంటాయి కాబట్టి పైవైపు సుద్దతో గుర్తు పెట్టండి. తలకిందులుగా పెడితే ఆ కడ్డీలు ఎందుకూ పనికిరావు!

లోపలి వైపు నుంచి గోడ మందంలో సగం వరకే గాడి తీసి, మొదటి లింటెల్‌ను సిమెంటు మాలు మీద కూర్చోబెట్టండి. దాని పైన, పాత ఇటుకల కింద మిగిలిన సందులో పొడిపొడిగా కలిపిన మాలును దట్టించి కూరండి. మేస్త్రీలు తొందరపడేది ఇక్కడే. ఆ సందు ఖాళీగా ఉంటే పై గోడ కిందికి జారి లింటెల్‌ను అందుకుంటుంది, ఆ జారుడే పగులుగా కనిపిస్తుంది. మాలు గట్టిపడ్డాక, కొన్ని రోజులు ఆగి, బయటి వైపు కూడా ఇలాగే చేయండి. ఇటుకలు ఒకదానికొకటి పెనవేసుకుని ఉండటం వల్ల పై బరువు చాలావరకు పక్కలకు పాకిపోతుంది. గాడికి నేరుగా పైన త్రిభుజంలా ఉన్న కొద్ది భాగమే వేలాడుతుంది. అందుకే చిన్న కిటికీకి ఈ పద్ధతి సరిపోతుంది. కన్నం వెడల్పు ఎక్కువైనా, గోడ స్లాబును మోస్తున్నా, నాలుగున్నర అంగుళాల గోడైనా, ఇంజినీరు చెప్పినట్టు పై బరువును తాత్కాలికంగా మోసే ఆనికలు పెట్టించాకే గోడను తాకండి.

కన్నం తీయడం ఆ తర్వాత తేలికే. గీత వెంట రెండు వైపులా డైమండ్ బ్లేడుతో కోసి, లింటెల్ కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇటుకనూ ఉలితో తీయండి. సమ్మెటను దగ్గరికి రానివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, కాబట్టి మంచి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఫ్రేమును చెక్క చీలికలతో నిలబెట్టి, మట్టం (అడ్డంగా సమంగా ఉందా), తూకం (నిట్టనిలువుగా ఉందా) చూడండి. రెండు ఐమూలల కొలతలూ సమానంగా వస్తే బిగించండి. చుట్టూ సందును ఫోముతో నింపి, బయటి అంచుకు సీలెంట్ వేయండి.

కిటికీ అడుగు దిమ్మ బయటికి వాలి, గోడ దాటి రెండంగుళాలు ముందుకు రావాలి. దాని అడుగున చిన్న గాడి ఉంటే నీరు గోడ మీదికి పాకకుండా అక్కడే రాలిపోతుంది. పాత, కొత్త ప్లాస్టరు కలిసే చోట ఇనుప జాలీ పరిచి పూత పూయండి. ఒక వారం తడిపాక, రంగు వేయకముందే బయటి నుంచి పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి, లోపల అడుగు మూలలను చేత్తో తడిమి చూడండి.